రెండు వాకిళ్ళ నోటుపుస్తకం

ఉద్యోగంలో నేను చేసిన మంచి పనులు చెప్పమంటే కాసేపు ఆలోచించాలి. చేసిన తప్పు చెప్పమంటే మాత్రం ఒకటి తడుముకోకుండా చెబుతాను. ఇన్నాళ్ళూ దాన్ని రాయలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే, ఆనాటి నా విద్యార్థిని సరేనన్నది కాబట్టి. ఆమె ఇప్పుడు మనవరాళ్ళున్న మనిషి. "మా పెద్దవాళ్ళెవరూ లేరు కదా సార్, రాయండి. పేర్లు మాత్రం వద్దు," అంది. పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగడని నాకు నేర్పింది వాళ్ళ ఇల్లే కాబట్టి, జాగ్రత్తకు ఊరిని కూడా కాస్త అటూ ఇటూ జరిపాను. మీలో కాలేజీ పాఠాలు చెప్పే కుర్రవాళ్ళుంటే, అందులోనూ పిల్లల చేత ఊళ్ళ మీద సర్వేలు చేయించేవాళ్ళుంటే, ఇది ముఖ్యంగా మీకోసం.

అరవైల మొదట్లో కావలి వైపు ఒక కాలేజీలో చేరాను. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. మాది వెంకటాచలం దగ్గర పల్లె. సోషియాలజీలో ఎమ్మే చేసి వచ్చానని మా ఇంట్లో చెబితే, అది సోషలిస్టు పార్టీ పరీక్షేమోనని మా మామ కంగారుపడ్డాడు. కాలేజీలో ఆ సబ్జెక్టు ఆ యేడే పెట్టారు. యూనివర్సిటీ వాళ్ళు వచ్చి చూసి సరేనంటే ఉంటుంది, లేదంటే ఎత్తేస్తారు. దానితోపాటు నన్నూ ఎత్తేస్తారని వేరే చెప్పక్కరలేదు.

మా స్టాఫ్ రూములో ఎకనామిక్స్ చెప్పే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పొడుం డబ్బీ, మడత నలగని ఖద్దరు చొక్కా, నోరు తెరిస్తే వేళాకోళం. నేను చేరిన రోజే అందరిముందూ, "ఏమబ్బయ్యా, మేనమామంటే అమ్మ తోడబుట్టినోడని చెప్పేదానికి కూడా ఎమ్మే చదివొచ్చినావంటనే?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల మండింది. ఎందుకంటే మొదటి నెలంతా నేను క్లాసులో చేసింది దాదాపు అదే.

క్లాసులో పద్నాలుగు మంది. పదకొండు మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. మిగతా గ్రూపుల్లో సీట్లు దొరకక వచ్చిన వాళ్ళే ఎక్కువ. ఆడపిల్లలు వాళ్ళ వెయిటింగు రూములో కూర్చుని, నేను వరండాలో కనబడగానే లేచి నా వెనకే క్లాసులోకి వచ్చి, నా వెనకే వెళ్ళిపోయేవాళ్ళు. నేను ఇంగ్లీషులో కుటుంబానికి నిర్వచనం చెప్పేవాణ్ణి, వాళ్ళు రాసుకునేవాళ్ళు. ఒకరోజు ఒక కుర్రవాణ్ణి లేపి, "మీది ఉమ్మడి కుటుంబమా, వేరు కుటుంబమా?" అని అడిగాను. వాడు బాగా ఆలోచించి, "పుస్తకంలో ఏది కరెక్టో అది సార్," అన్నాడు. ఆ సాయంత్రం రైలు స్టేషను బల్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. వీళ్ళ చుట్టూ ఉన్నదాని గురించే నేను చెబుతున్నానని వీళ్ళకు తెలియడం లేదు. ఆ తప్పు వీళ్ళది కాదు.

మర్నాడు పాఠం ఆపేశాను. ప్రతివాళ్ళనూ ఒక నోటుపుస్తకం కొనమన్నాను. ఒక నెల రోజులు, ఒకే ఒక్క సంగతి, మీరు రోజూ చూసేదే, చూసి రాయండి అన్నాను. కళ్ళకు కనబడిందీ చెవులకు వినబడిందీ తప్ప ఇంకేమీ రాయకూడదు. మంచి, చెడ్డ, పాపం అనే మాటలు కనబడితే కొట్టేస్తాను. ఎందుకు అన్న ప్రశ్న తర్వాత, ముందు ఏమిటో రాయండి. ఇంకో మాట కూడా అన్నాను, తెలుగులోనే రాయండి, మన ఇళ్ళల్లో జరిగేది ఇంగ్లీషులో జరగదు కదా అని. అది విని మాత్రం అందరి మొహాలూ వెలిగాయి.

నెల తర్వాత వచ్చిన నోటుపుస్తకాలు చూసి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఒకడు బస్సు కండక్టరు నోటి మాటలు రాసుకొచ్చాడు. పంచె తెల్లగా ఉంటే "రండి రండి", కాస్త మాసి ఉంటే "రావయ్యా", గోచీ ఉంటే "ఎక్కరా". ఒకే మనిషి సోమవారం మాసిన పంచెతో ఒక రకంగా, గురువారం పెళ్ళికి పోతూ ఇంకో రకంగా పిలిపించుకున్నాడు. పేజీ నిండా అంతే, ఇంకే వ్యాఖ్యానమూ లేదు. ఇంకొకడు మంగలి దుకాణంలో వరస తప్పి కుర్చీ ఎక్కేదెవరో రాశాడు. అంతస్తు అనే మాటకు నేను నెలరోజులు ఇంగ్లీషులో చేసిన గోల ఆ కండక్టరు నోట్లో మూడు మాటల్లో ఉంది.

అయితే అన్నింటికన్నా గొప్పది ముందు బల్ల చివర కూర్చునే అమ్మాయిది. క్లాసులో ఒక్కసారి నోరు విప్పి ఎరగదు. బోగోలు దిక్కున సముద్రానికి కాస్త లోపలగా ఉన్న ఒక పల్లె నుంచి బస్సులో వచ్చేది. మాగాణి ఉన్న రైతు కుటుంబం. ఆమె పుస్తకం అట్ట మీద "మా ఇంటి రెండు వాకిళ్ళు" అని రాసి ఉంది. వీధివాకిలిలో ఎవరొచ్చారు, దొడ్డివాకిలిలో ఎవరొచ్చారు, ఎవరు ఎంతవరకు వచ్చి ఆగారు, ఎంతసేపున్నారు. నెల రోజులూ ఇదే. కరణం అరుగు దాకా. చాకలామె దొడ్లో నూతి గట్టు దాకా. సముద్రపు పల్లె నుంచి చేపల గంప తెచ్చే ఆమె దొడ్డివాకిలి గడప దాకా, కానీ గంటసేపు, అమ్మతో. నెలాఖరున రెండు వాక్యాలు రాసింది: "ఈ నెలలో మా అమ్మ వీధివాకిలి దాటలేదు. రాసిందాకా నాకు తెలియదు."

ఆ అమ్మాయికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. నేను ఎమ్మేలో చదివిన పెద్ద పెద్ద పుస్తకాల్లో కూడా అంత శుభ్రమైన చూపు చూడలేదు. అదే నన్ను చెడగొట్టింది. ఆనందం పట్టలేక మర్నాడు క్లాసులో ఆ పుస్తకం తీసి చదివాను. పేరు చెప్పలేదు. ఊరూ చెప్పలేదు. దాంతో నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. వీధివాకిలి ముందు అరుగు మీద, సముద్రం ఒడ్డుకు కొట్టిన పడవ చెక్కతో చేసిన బల్ల ఉందని ఆమె రాసింది. అది నాకు ఎంతో ముచ్చటగా అనిపించి మరీ సాగదీసి చదివాను. దాని తర్వాత ఈ వాక్యం చదివాను: "శనివారం, దొడ్డివాకిలి. దగ్గరి బంధువు ఒకాయన. మా అవ్వ మంచం దాకా. అరగంట. ప్రతి శనివారం ఇంతే." ఇంకా చాలా ఉన్నాయి గానీ, గొడ్లకొట్టం గురించి రాసినవి అనవసరపు వివరాలని వదిలేశాను.

పడవ చెక్క బల్ల ఆ చుట్టుపక్కల ఒక్క ఇంటి ముందే ఉంది. క్లాసులో ఆ ఊరి కుర్రవాడు ఇంకొకడున్నాడు.

తర్వాత రెండు రోజులు ఆ అమ్మాయి రాలేదు. వారం గడిచినా రాలేదు. ఆ ఊరి కుర్రవాణ్ణి పిలిచి అడిగితే కాళ్ళకేసి చూస్తూ చెప్పాడు. తాను ఇంట్లో నవ్వులాటకు చెప్పాడట, వాళ్ళ నాన్న కాఫీ అంగట్లో చెప్పాడట, పొద్దుగూకేసరికి ఊరంతా పాకిందట. ఆ బంధువు ఇంకెవరో కాదు, ఆమె చిన్నాయన. అన్నదమ్ములు ఏడేళ్ళ క్రితం పొలం గట్టు దగ్గర మాటామాటా అనుకున్నారు. అన్న పెద్దమనుషుల్లో నిలబడి, వాడు నా గడప తొక్కితే నేను వాడి అన్నను కానన్నాడు. ఆ తర్వాత తల్లి తుంటి విరిగి మంచాన పడింది. ఆమె ఉండేది పెద్దకొడుకు దగ్గర. ఆయన శనివారం కావలికి పోయినప్పుడు చిన్నకొడుకు దొడ్డిదారిన వచ్చి తల్లిని చూసి పోతున్నాడు. ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు.

"ఇప్పుడు రావడం మానేసినాడు సార్. ఆ అవ్వ కూడు కూడా సరిగ్గా ముట్టడం లేదంట. ఆ అమ్మాయిని కూడా ఇంక పంపరంట," అన్నాడు.

ఒక ముసలామెకు కొడుకును దూరం చేశాను. ఒక పిల్ల చదువు ఆపాను. ఇంత తెలివితక్కువగా ఎట్లా చేశానా అని ఇప్పటికీ సిగ్గుపడతాను. స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు ఎకనామిక్స్ పెద్దాయనకు చెప్పుకున్నాను. మళ్ళీ వేళాకోళం చేస్తాడనుకున్నాను. ఆయన పొడుం డబ్బీ మూత పెట్టి, "జాబు రాయబాకు. నువ్వే మనిషివి పో," అన్నాడు. ఆదివారం పొద్దున తన సైకిలు తెచ్చి మా గది ముందు నిలిపి, గాలి కూడా కొట్టించానని చెప్పి నడిచి వెళ్ళిపోయాడు. అప్పటిదాకా ఆయన నాకు గిట్టేవాడు కాదు.

ఏడెనిమిది మైళ్ళు ఎదురుగాలి. ఇసుకలో చక్రం దిగబడినప్పుడల్లా దిగి నడిపించుకుంటూ వెళ్ళాను. ఇల్లు ఎవరినీ అడగనక్కరలేదు కదా, ఆ బల్ల ముందు సైకిలు ఆపాను. ఆ అమ్మాయి తండ్రి గడపలో నిలబడి ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి, పొడవైన మనిషి, భుజం మీద తువ్వాలు. తిడతాడనుకున్నాను. "రండి సార్," అన్నాడు. నేను అక్కడే క్షమాపణ మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టి, "లోపల మా అమ్మ పడుకోనుండాది. ఇట్ట రండి," అని ఇంటి పక్క సందులోంచి గొడ్లకొట్టంలోకి తీసుకుపోయాడు. నాకు నులకమంచం వాల్చి, తాను ఎద్దు పక్కన నిలబడ్డాడు.

"ఆ పుస్తకం తెచ్చినారా?"

"తెచ్చానండీ. తప్పంతా నాది. మీ అమ్మాయి తప్పు ఏమీ..."

"చదవండి. ఊళ్ళో అందరూ విన్నారు. నేనొక్కణ్ణే వినలేదు."

మొదటి పేజీ నుంచి చదివాను. ఆయన గడ్డి పోచ చుట్టతో ఎద్దు వీపు రుద్దుతూ విన్నాడు. భార్య వీధివాకిలి దాటలేదన్న చోట చెయ్యి ఆగింది. "నెలంతానా?" అన్నాడు. అవునన్నాను. "ఊఁ," అని మళ్ళీ రుద్దసాగాడు. తర్వాత నేను క్లాసులో వదిలేసిన పేజీలు వచ్చాయి. అందులో ఇట్లా ఉంది: "శనివారం. మధ్యాహ్నం నాయన కావలి నుంచి పెందలాడే వచ్చినాడు. దొడ్డివాకిలి దాకా వచ్చి, గడప బయట ఉన్న చెప్పులు చూసి, వెనక్కి తిరిగి గొడ్లకొట్టంలోకి పోయినాడు. అరగంట." ఆ తర్వాతి శనివారం కూడా అంతే. ఆ పై శనివారం కూడా. అక్కడ చదవడం ఆపేశాను.

"ఆగినారేం సార్? చదవండి."

"మీకు... ముందే తెలుసా?"

ఆయన నా వైపు తిరగలేదు. "మా తమ్ముడి చెప్పులు నాకు తెలవవా?" అన్నాడు.

ఎద్దు తోక ఆడించింది. ఆయనే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. "తెలవనట్టు ఉండేది మీరనుకున్నంత సుళువు కాదు సార్. శనివారం కావలిలో నాకేం పనుంటాది? అయినా పోతా. ఎండలో తిరిగొస్తా. వాడింకా ఉంటే ఇక్కడ కూసుంటా. మా అమ్మ వాణ్ణి చూసుకుంటాది, నా మాట నాకుంటాది. అంతా బాగానే జరగతా ఉండె. ఇప్పుడు ఊరంతా పాకింది, నాకు తెలవదంటే ఎవరూ నమ్మరు. వాడొస్తే నేను ఊరుకున్నానంటారు. ఊరుకుంటే నలుగురిలో అన్న మాట పోయె. ఊరుకోకపోతే మా అమ్మ పోతాది."

"ఇద్దరూ కలిసిపోవచ్చు కదండీ," అన్నాను. పట్నంలో చదివొచ్చినవాడు అనే మాటే అది.

"వాడొచ్చి ఒక మాట అడగాల. వాడూ నా తమ్ముడే, అడగడు," అన్నాడు. అనేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, తమ్ముడి మీద మురిపెం లాంటిదే వినిపించింది.

తర్వాత ఆయన నన్నొక పని అడిగాడు. కాలేజీ సారు వచ్చాడని తెలిసి ఊళ్ళో పెద్దమనుషులు ఈపాటికి అరుగు మీద చేరి ఉంటారు. వాళ్ళ ముందు నేను చెప్పాలి, ఆ పుస్తకంలోదంతా పిల్ల కల్పించి రాసిందని.

చెప్పొద్దూ, నాకు ప్రాణం ఒప్పలేదు. యూనివర్సిటీ వాళ్ళు వచ్చినప్పుడు ముందుగా చూపించాలనుకున్నది ఆ పుస్తకమే. నా క్లాసులో పుట్టిన మొట్టమొదటి అసలైన పని అది, అక్షరం అక్షరం నిజం. దాన్ని కట్టుకథ అనాలి, అదీ రాసిన పిల్ల తలుపు వెనక వింటుండగా. "మీ అమ్మాయి వింటుందేమో," అని నసిగాను.

"వింటాది. తెలివైంది, తెలుసుకుంటాది. లేకుంటే మీ చదువు దేనికి?" అన్నాడు.

అరుగు మీద ఏడుగురున్నారు. మా క్లాసు కుర్రవాడి తండ్రి వాళ్ళల్లో ఒకడు. నేను నిలబడే చెప్పాను. మా సబ్జెక్టులో పిల్లల చేత ఇట్లా కల్పించి రాయిస్తామనీ, ఇంటిని చూసి రాసినట్టుంటుంది గానీ ఊహించి రాసిందేననీ, అది తెలియక క్లాసులో ఎవరో నిజమనుకున్నారనీ. నా చెవులు కాలిపోతున్నాయి. ఇంత అతకని అబద్ధం ఎవరు నమ్ముతారనుకున్నాను.

అందరికన్నా పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అట్టనా. నేనూ అదే అనుకున్నా. చదువుకునే పిల్లోళ్ళు, ఏదో ఒకటి రాస్తారు," అన్నాడు.

కుర్రవాడి తండ్రి వెంటనే, "మావోడొక వదరుబోతు సార్. వాడి మాట పట్టుకోని నేను కూడా..." అని తల గోక్కున్నాడు.

"ఆ పడవ చెక్క బల్ల?" అని ఇంకొకాయన అడిగాడు. ఆయన కూర్చున్నది ఆ బల్ల మీదే.

"అదీ కల్పనేనండీ," అన్నాను.

"ఊఁ," అని ఆయన బల్ల మీదే కాస్త సర్దుకుని కూర్చున్నాడు. ఏడుగురూ తలలు ఊపారు. ఒక్కడూ నవ్వలేదు. మజ్జిగ వచ్చింది, అందరం తాగాం, వానల గురించి మాట్లాడుకున్నాం. నేను లేచేటప్పుడు ఆ తండ్రి అందరికీ వినబడేట్టు, "పిల్ల రేపట్నుంచి వస్తాది సార్," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోసింది. ఆ ఏడుగురి గురించే ఆలోచించాను. ఒక ఇంటి గుట్టు నిలబెట్టడానికి అంతమంది కలిసి, ముందుగా ఒక్క మాటైనా అనుకోకుండా, తెలిసిన సంగతిని తెలియనట్టు పక్కన పెట్టేశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అయినా ఎవరి వంతు వాళ్ళు తప్పకుండా చేశారు. సమాజం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఆ అరుగు చూపించాలనిపించింది. వాళ్ళంటే నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. ఇక ఆ తండ్రి సంగతా, తల్లి మంచాన పడ్డప్పటి నుంచీ ప్రతి శనివారం పనిలేని ఊరికి పోయి వచ్చిన మనిషి ముందు నా ఎమ్మే ఏపాటిది?

సోమవారం ఆ అమ్మాయి వచ్చింది. మిగతా ఇద్దరితో నా వెనకే క్లాసులోకి వచ్చి తన చోట కూర్చుంది. క్లాసు అయ్యాక నోటుపుస్తకం ఆమెకు ఇచ్చేసి, "ఇది నీ దగ్గరే ఉంచుకో అమ్మా. నన్ను క్షమించు," అన్నాను. పుస్తకం తీసుకుంది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. నిజం రాయమని చెప్పి, నలుగురి ముందు ఆ నిజాన్ని అబద్ధమన్నవాణ్ణి. ఆమె నన్ను ఎప్పటికీ క్షమించదనే అనుకున్నాను.

ఆ వారంలోనే యూనివర్సిటీ వాళ్ళు వచ్చారు. నేను కండక్టరు పుస్తకం ముందు పెట్టాను. వాళ్ళల్లో సూటు వేసుకున్నాయన "ఎక్కరా" దగ్గర పగలబడి నవ్వాడు. సబ్జెక్టు నిలబడింది, నేనూ నిలబడ్డాను. ఎకనామిక్స్ పెద్దాయన ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ తన డబ్బుతో కాఫీ తెప్పించాడు.

ఆ తర్వాతి సోమవారం క్లాసుకు వెళ్ళేసరికి నా బల్ల మీద ఆమె నోటుపుస్తకం ఉంది. చివర కొత్త పేజీ రాసి ఉంది. ఎక్కడా మంచి లేదు, చెడ్డ లేదు, పాపం లేదు. కళ్ళకు కనబడింది మాత్రమే ఉంది. అది ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"ఆదివారం. వీధివాకిలి. కాలేజీ సారు. అరుగు మీద ఏడుగురు. నేను రాసింది కల్పన అని సారు చెప్పినారు. ఏడుగురూ తల ఊపినారు.

సోమవారం నుంచి గురువారం దాకా దొడ్డివాకిలి. చేపలామె తప్ప ఎవరూ రాలేదు. అవ్వ వాకిలి దిక్కే చూస్తా పడుకొంది.

శుక్రవారం. రేపు కావలికి పోవాలని నాయన గట్టిగా అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

శనివారం. దొడ్డివాకిలి. చిన్నాయన వచ్చినాడు. అవ్వ మంచం దాకా. నాయన మధ్యాహ్నమే వచ్చి గొడ్లకొట్టంలో కూర్చున్నాడు. గంటన్నర."